మీసాలాయన కడుపు

ఈ మధ్య మెడికల్ కాలేజీ పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, "పల్లెలో పని చేస్తే ఏం నేర్చుకుంటాం తాతా?" అని అడిగారు. తాతా అన్నందుకు మొదట కొంచెం కోపం వచ్చింది. మా వంశంలో మనుషుల్ని వయసును బట్టి పిలిచే అలవాటు లేదు, హోదాను బట్టి పిలిచేవారు. హోదా ఎప్పుడో పోయింది, వయసు ఒక్కటే మిగిలింది కాబట్టి సర్దుకుని, వాళ్లను కూర్చోబెట్టి మీసాలాయన కడుపు సంగతి చెప్పాను. బాగా నవ్వారు. నవ్వి మరిచిపోతారేమోనని ఇప్పుడు రాసి పెడుతున్నాను.

ముందు నా గురించి కొంత చెప్పాలి. మాది పాళెగాళ్ల వంశం. మా తాతగారికి ఏనుగు ఉండేది. మా నాన్నగారికి ఆ ఏనుగు గొలుసు ఉండేది. నా దాకా వచ్చేసరికి గొలుసు కూడా పోయి, దాన్ని గురించి మాట్లాడే తీరు మాత్రం దక్కింది. వైద్యం చదివి, కోడుమూరు అవతల ఒక ఊళ్లో సర్కారు దవాఖానాలో డాక్టరుగా చేరాను. మా వంశంలో జీతానికి పని చేసిన మొదటివాణ్ణి నేనే. ఆ లోటు పూడ్చుకోవడానికి, ఎవరి ముందూ నడుము వంచకూడదనీ, ఏ ఇంటి గుట్టూ బయటపెట్టకూడదనీ నియమం పెట్టుకున్నాను. నడుము విషయం సులువుగానే సాగింది. మా కోటలో మిగిలిన ఒకే ఒక గోడ ఎక్కి, ఒక బంధువుకు మా పాత పొలిమేరలు చూపిస్తూ కిందపడ్డాను. అప్పటినుంచి నడుము వంగదు. ఊళ్లోవాళ్లు దాన్ని రాజసం అనుకున్నారు. నేను కాదనలేదు.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. సర్కారు డేరాల్లో నడిచేది. గాలి గట్టిగా వీస్తే ఒక శాఖ కాగితాలు ఇంకో శాఖలోకి పోయేవి. ఆ డేరాల్లో ఒకదానిలో ఎవరికో మంచి ఆలోచన వచ్చింది. కొత్తగా పరీక్ష పాసైన డాక్టర్లకు సర్కారే నెలనెలా భత్యం ఇచ్చి, ఏడాది పాటు పల్లె దవాఖానాలో ఉంచి, ఇంటింటి వైద్యం నేర్పించాలి. నేర్చుకున్నవాళ్లు తర్వాత కొన్నేళ్లు పల్లెల్లోనే పని చేయాలి. నేర్పడానికి ఎంచిన చోట్లలో మా దవాఖానా ఒకటి. నన్ను ఎందుకు ఎంచారో ఇప్పటికీ తెలియదు. బహుశా ఆ రోజు గాలి మా వైపు వీచి ఉంటుంది.

అలా మా దగ్గరికి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. గోదావరి నీళ్లు తాగి పెరిగినవాడు. సన్నగా, తెల్లగా, ప్రతి మాట చివరా "అండీ" తగిలించుకుని ఉండేవాడు. వచ్చిన మొదటి ఉదయమే అతని ముందు బెంచీ మీద మీసాలాయన కూర్చున్నాడు.

మీసాలాయన మా ఊరి పెద్దింటి మనిషి. ఆ ఇంటి యజమాని ఎప్పుడో పోయాడు. ఆయన భార్యే పొలాలూ జీతగాళ్లనూ చూసుకుంటూ ఇల్లు నడిపేది. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేవారు. మీసాలాయన ఆమెకు మరిది. గడ్డపార వంచగలిగిన మనిషి.

"ఏమిటండీ ఇబ్బంది?" అన్నాడు కుర్రవాడు.

"కడుపు బరువుగా ఉండాది సార్. అన్నం పోదు. ఉగాది కాణ్ణించి ఇట్లనే."

కుర్రవాడు పడుకోబెట్టి నొక్కి చూశాడు. రోకటి మీద నొక్కినట్టుంది. నాలుక చూశాడు, కళ్లు చూశాడు. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ఈయనకు ఏమీ లేదండీ" అన్నాడు రహస్యంగా.

"ఆయనకు ఎందుకుంటుంది? ఆయన వదినకు" అన్నాను.

అప్పుడు అతనికి మా ఊరి పద్ధతి చెప్పాల్సి వచ్చింది. మా వైపు మర్యాద గల ఇళ్లలో ఆడవాళ్లు దవాఖానాకు రారు. వాళ్ల బదులు ఇంటి మగవాడు వస్తాడు. వచ్చి, ఫలానా ఆమెకు అని అనడు. ఆమె పేరు నలుగురిలో ఎత్తడమే తప్పు. నొప్పి తనదే అన్నట్టు, తన ఒంటి మీద చోటు చూపించి చెబుతాడు. డాక్టరు ఆ చోటు చూసి మందు ఇస్తాడు. ఇంటి నుంచి తెచ్చిన సీసాలో కాంపౌండరు ఎర్రటి మిక్చరు పోసి, ఎంతెంత తాగాలో తెలిసేలా కాగితం కత్తిరించి అంటిస్తాడు. ఎవరి రోగం ఎవరు మోసుకొచ్చారో ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. మా తాతగారి కాలంలో మా ఇంట్లోనూ ఇంతే. మా అవ్వ కాన్పులన్నిటికీ వైద్యుడి ముందు మూలిగింది మా దివానుగారు.

"మరి ఎవరికి ఏ రోగమో ఎలా తెలుస్తుందండీ?"

"ఇంటింటి వైద్యం నేర్చుకోవడానికే కదా వచ్చావు? ఇదే అది" అన్నాను.

అతను నేర్చుకున్నాడు. వారం తిరగకుండానే ఒక కోరమీసం కుర్రాడు వచ్చి "మూడో నెల సార్, వాంతులు" అంటే ముఖంలో ఏ మార్పూ లేకుండా రాసుకోగలిగాడు. కానీ మీసాలాయన దగ్గర మాత్రం అతనికి మనసు ఊరుకోలేదు. కారణముంది. ఉగాది తర్వాత వచ్చినప్పుడు మీసాలాయన బరువు ఎంతవరకో చెప్పడానికి బొడ్డు కింద చెయ్యి పెట్టేవాడు. వానలు పడేసరికి ఆ చెయ్యి బొడ్డు దాటింది. దసరాకు దాదాపు రొమ్ము దగ్గరికి వచ్చింది. మనిషి మాత్రం అదే మనిషి, ఆ చెయ్యే పైకి పోతోంది.

"లోపల ఏదో పెరుగుతోందండీ. ఒక్కసారి ఆవిడను చూడాలి. మిక్చరుతో పోయేది కాదు."

"ఈడ డాక్టరు చూస్తానని అడగడు. చూపిస్తే చూస్తాడు" అన్నాను.

అయినా అతను పెద్దింటికి వెళ్లాడు. వాళ్లు అరుగు మీద కూర్చోబెట్టి, అతని వైపు బొబ్బట్లు అని పిలిచే ఓళిగలు పెట్టి, మీద నెయ్యి పోసి పంపించారు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ ఓళిగలు. పెద్దమ్మ కడుపు చూద్దామని తిరిగి తిరిగి తన కడుపు పెంచుకున్నాడే తప్ప గడప దాటలేకపోయాడు.

ఈలోగా ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దమ్మ గుమ్మం దాటి బయటికి రావడం మానేసింది కానీ, ఇంట్లో పనికి పోయే ఆడవాళ్లకు కళ్లుంటాయి. విధవ మనిషి, కడుపు పెరుగుతోంది. ఇంతకన్నా వివరంగా నేను రాయనక్కరలేదు. ఆ ఇంటితో గట్టు తగాదా ఉన్న ఒక రైతు ఆ మాటను నవ్వుతూ నలుగురి చెవిలో వేశాడు. ఆ సంగతి కాంపౌండరు నాకు చెప్పాడు. అది ఆమె చెవిన కూడా పడిందనీ, అందుకే ఆమె మరింత గట్టిగా తలుపేసుకుందనీ చెప్పాడు. రోగమని చూపించుకుంటే ఊరు కడుపు చూస్తుంది. చూపించుకోకపోతే పానం పోతుంది. ఆమె రెండోదే మేలనుకుంది. నిజం చెప్పాలంటే, ఆ లెక్క నాకు అర్థమైంది. మా వాళ్లలో కొందరు ఇంతకన్నా చిన్న విషయాలకే చచ్చిపోయారు.

అలాంటి సమయంలో కర్నూలు నుంచి కబురొచ్చింది. శిక్షణకు పెడుతున్న ఖర్చు సార్థకమవుతోందో లేదో చూడటానికి ఇద్దరు పెద్దలు వస్తున్నారు. ఒకాయన పెద్దాసుపత్రిలో పేరున్న సర్జను, ఇంకొకాయన లెక్కల అధికారి. వాళ్లకు నచ్చకపోతే కుర్రవాణ్ణి వేరే చోటికి పంపేస్తారు.

"నన్ను పంపేస్తే ఆవిడను ఇంకెవరూ చూడరండీ" అన్నాడు అతను నా ముఖంలోకి చూస్తూ. నాకు నచ్చని మాటే కానీ, అబద్ధమని అనలేకపోయాను.

ముందురోజు సాయంత్రం మీసాలాయన వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "దొరా, ఆ కర్నూలోళ్ల ముందర మా వదినె పేరు ఎత్తొద్దు. నేనే రోగినని చెప్తా. నువ్వూ అట్లనే అనాల." మాట ఇచ్చాను. కుర్రవాడి చేత కూడా ఇప్పించాను. అంత చదువుకున్న సర్జనుకు ఈ మాత్రం పద్ధతి తెలియకుండా ఉంటుందా అని మా ధైర్యం.

జీపు హంద్రీ ఇసుకలో కూరుకుని, ఎద్దులు లాగితే బయటపడి, ఎండ ముదిరాక ఊరు చేరింది. దవాఖానా అరుగు మీద బెంచీల నిండా రోగులున్నారు. అందరూ మగవాళ్లే, పెద్దమనుషులు వస్తున్నారని కొత్త పంచెలు కట్టి, తలకు నూనె రాసుకుని వచ్చారు. జిల్లాలో అంతకన్నా ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని ఒకచోట చేర్చడం కష్టం.

సర్జనుగారు మొదటి కుర్రాణ్ణి పిలిచారు. "నీకేమిటి?"

"పాలు పడ్డంల్యా సార్."

సర్జనుగారు ఒక క్షణం చూసి, "పశువుల ఆసుపత్రికి పో నాయనా" అన్నారు దయగా.

రెండోవాడికి ఎనిమిదో నెల. పరాయివాళ్ల ముందు ఆ మాట అనడానికి సిగ్గేసి, మోకాలి నొప్పి అన్నాడు. మోకాలు చూశారు. ఆ మోకాలు చూస్తే ఎద్దుకు కూడా ఈర్ష్య పుడుతుంది. అలా ఒక్కొక్కరూ వచ్చారు, ఒక్కొక్కరూ బాగున్నారు. కుర్ర డాక్టరు ఏదో చెప్పబోయాడు. నేను గట్టిగా దగ్గాను. ఇచ్చిన మాట, మా వంశం.

చివరికి మీసాలాయన. తన వంతు వచ్చేదాకా పచ్చి బుడ్డలు ఒలుచుకు తింటూ కూర్చున్నాడు. వేరుశనగ కాయలను మా వైపు అలాగే అంటాం.

"అన్నం పోవడంల్యా సార్" అన్నాడు నోట్లోది మింగి.

"కనిపిస్తోంది. పడుకో." నొక్కారు, తట్టారు, గొట్టం పెట్టి విన్నారు. "నీకే రోగమూ లేదయ్యా. నూరేళ్లు బతుకుతావు."

లెక్కల అధికారి నవ్వుతూ కలం మూత పెట్టాడు. రోగులే లేని చోట శిక్షణకు పైసా పెట్టడం దండగని ఇద్దరూ ఇంగ్లీషులో అనుకున్నారు. అంతటితో వెళ్లిపోతే బాగుండేది. సర్జనుగారు మంచి మనసున్న మనిషి, పైగా ఉపన్యాసాలంటే ఇష్టం. అరుగు అంచున నిలబడి ఊరిని అభినందించారు. ఇంత ఆరోగ్యమైన ఊరిని తాను చూడలేదన్నారు. మీసాలాయన భుజం మీద చెయ్యేసి, "ఇదిగో, ఈ పెద్దమనిషి! ఈయన ఇంట్లో ఏ రోగమూ లేదు. కర్నూలు పెద్ద డాక్టర్ని, నేను చెబుతున్నాను!" అన్నారు.

జనం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. వెనక నుంచి గట్టు తగాదా రైతు గొంతు వినిపించింది.

"ఇన్యారా? వాళ్లింట్లో రోగం ల్యాదంట! పెద్ద డాక్టరే చెప్పె. మరి ఆ పెరుగుతాండేది ఏందప్పా?"

ఎవరూ నవ్వలేదు. మీసాలాయన కట్టె అందుకుంటాడని నేను అడ్డం పోయాను. ఆయన కట్టె వైపు చూడనే లేదు. తన కడుపు వైపు చూసుకున్నాడు. బుడ్డలు కింద పోసేసి, మళ్లీ బల్ల మీద పడుకున్నాడు.

"సార్, ఇంగోసారి చూడండి. గట్టిగా నొక్కండి. ఉండాది సార్, లోపల ఉండాది."

సర్జనుగారు మళ్లీ నొక్కారు. "లేదయ్యా! ఇనుప కడుపు నీది!"

"అట్లనొద్దు సార్. ఉండాదని ఒక్క మాట చెప్పండి. మీ కాళ్లకు మొక్కుతా."

"లేని రోగం ఉందని ఎలా చెప్పేది?"

ఆ మనిషి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటివైపు పరుగెత్తాడు. లెక్కల అధికారి నన్ను చూసి, "ఇతనికి మతి చెదిరినట్టుంది. పోనీ, ఒక రోగి దొరికాడు" అన్నాడు.

జీపు బయలుదేరేలోగా పెద్దింటి సవారీ బండి వచ్చింది. నాలుగు వైపులా తెర కట్టిన బండి. మరిది ముందు నడుస్తున్నాడు, తల వంచుకుని. బండి నేరుగా వచ్చి జీపుకు అడ్డంగా ఆగింది. తెర లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. పొలం ఈ చివరి నుంచి ఆ చివరికి జీతగాణ్ణి పిలిచి అలవాటైన గొంతు అది.

"ఎవురయ్యా నాకు రోగం ల్యాదన్నది?"

సర్జనుగారు చుట్టూ చూశారు. "అమ్మా, నేను మీకు అనలేదు. ఈయనకు అన్నాను."

"ఆయప్పకు అంటే నాకు అన్నట్టే. ఉగాది కాణ్ణించి నా నొప్పి ఆయప్పే పడతాండాడు. నాకు రోగం ల్యాదని ఊరి ముందర చాటినావే, నేనింక యాడ తల పెట్టుకునేది? దిగుతాండా. చూడు."

"అలాగే అమ్మా, లోపలికి రండి."

"నువ్వు కాదు. చూడకనే ల్యాదన్నోనివి. ఓళిగలు తిని తిని పోతాండె, ఆ పిల్లోడు యాడ?"

కుర్ర డాక్టరు ముందుకొచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆడవాళ్లు పరుగున వచ్చి దుప్పట్లు అడ్డంగా పట్టుకున్నారు. బండి నుంచి గది దాకా ఒక దారి ఏర్పడింది. ఆమె దాని మధ్యన నిటారుగా నడిచిపోయింది. అంత నిటారుగా నేనూ నడవలేదు ఎప్పుడూ.

మీసాలాయన తలుపు పక్కన గోడకు ఆనుకుని, చెయ్యి తన కడుపు మీద పెట్టుకుని నిలబడ్డాడు. లోపల కుర్రవాడు నొక్కిన చోటల్లా ఈయన ముఖం ముడుచుకుంది.

కొంతసేపటికి కుర్రవాడు బయటికొచ్చాడు. "గడ్డండీ. నీళ్లు నిండిన పెద్ద గడ్డ. ఇంకా ఆలస్యం కాలేదు, ఆపరేషను చేయొచ్చు." అప్పుడు ఆమె అనుమతితో సర్జనుగారూ లోపలికి వెళ్లి చూసి వచ్చారు. వచ్చేటప్పుడు ఆయన ముఖంలో ఉపన్యాసం లేదు.

"మీరు రేపే కర్నూలు రావాలమ్మా. నేనే చేస్తాను."

"వస్తా. ముందు ఆ అరుగు మీదికి పో. ఇందాక గట్టిగా చెప్తివి కదా, ఇదీ అంతే గట్టిగా చెప్పు."

కర్నూలు పెద్ద డాక్టరుగారు మళ్లీ అరుగు అంచుకు వెళ్లి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. "ఈ అమ్మగారికి రోగం ఉంది" అన్నారు.

"వెనకాలోళ్లకు ఇనపడలేదు."

"ఈ అమ్మగారికి రోగం ఉంది! కడుపులో గడ్డ! చాలా పెద్దది! నేను చెబుతున్నాను!"

"ఇన్యావా?" అన్నది ఆమె దుప్పట్ల చాటు నుంచి. ఎవరిని అడిగిందో పేరు పెట్టి చెప్పలేదు. గట్టు తగాదా రైతు తలపాగా సర్దుకుంటూ, "ఇన్యాను పెద్దమ్మా" అన్నాడు. ఏదో బిరుదు ప్రదానం చూసినట్టు జనం కదిలారు. మీసాలాయన అరుగు మెట్టు మీద కూలబడి, ముఖం పంచెలో పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఇక ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. పెద్దింటి ఆమె వచ్చి చెప్పించుకుందంటే మిగతా ఇళ్ల పరువేం కావాలి? "మా ఇంట్లో ల్యాదన్నాడంట, మేమేమన్న తక్కువోళ్లమా?" అంటూ ఆడవాళ్లు ఒక్కొక్కరూ దుప్పట్ల చాటున వచ్చారు. పాలు పడని తల్లి వచ్చింది. ఎనిమిదో నెల వచ్చింది. ఎన్నాళ్లుగానో మగవాళ్ల ఒళ్ల మీద మాత్రమే నేను చూసిన రోగాలన్నీ తమ తమ సొంతదారులతో వచ్చి నా ముందు నిలబడ్డాయి. కుర్రవాడూ సర్జనుగారూ వంతులవారీగా చూశారు. చూసిన ప్రతి రోగాన్నీ అరుగు మీద నుంచి చాటాల్సిందేనని ఆ ఆడవాళ్లు పట్టుబట్టారు. ఒక ముసలామెకు నిజంగానే ఏమీ లేదు. అలా చెబితే గొడవ చేసింది. చివరికి కంటిలో పొర ఉందని చాటాక శాంతించింది.

లెక్కల అధికారి పొద్దు వాలేదాకా కూర్చుని, తల పట్టుకుని, "పొద్దున ఒక్క రోగీ లేడు. ఇప్పుడు ఒక్క ఆరోగ్యవంతుడూ లేడు. నేనేం రాసుకోను స్వామీ?" అన్నాడు. ఏం రాశాడో నాకు తెలియదు. కుర్రవాణ్ణి మాత్రం మా దగ్గరే ఉంచారు. మరుసటి ఏడు ఇంకొకణ్ణి కూడా పంపారు.

పిల్లలూ, ఆ కుర్రవాడికి సర్కారు ఇచ్చిన భత్యం చూసి ఇప్పుడు మీరు నవ్వుతారు. ఆ సొమ్ముతో సర్కారు కొనుక్కున్నది అతని చదువు కాదనుకుంటాను. చదువు అతనికి ముందే ఉంది. గడప బయట ఓళిగలు తింటూ, విసుక్కోకుండా మళ్లీ మళ్లీ వచ్చే ఓపికను కొనుక్కున్నది. అది ఏ కాలేజీలో చెబుతారో నాకు తెలియదు.

పెద్దమ్మకు ఆపరేషను బాగా జరిగింది. పెద్ద గుమ్మడికాయంత గడ్డ తీశారు. ఆమె తిరిగొచ్చిన కొన్నాళ్లకు ఒక ఉదయం నేనూ కుర్రవాడూ దవాఖానాలో ఉండగా మీసాలాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. చొక్కా ఎత్తి, రోకటి లాంటి ఆ కడుపు చూపించాడు.

"కుట్లు మానినాయి సార్. కొంచెం దురదగా ఉండాది."

కుర్రవాడు నిట్టూర్చాడు. "ఏవండీ, మళ్లీ మొదటికొచ్చారా? కుట్లు చూడాలంటే ఆవిడ రావాలి కదండీ."

"వచ్చె సార్. బండిలో ఉండాది." మీసాలాయన చొక్కా దించుకుని సిగ్గుపడ్డాడు. "అలవాటు కొద్దీ ముందర నేనొచ్చినా."

ఆమె వచ్చి, చూపించుకుని, గుమ్మం దగ్గర ఆగింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏం డాక్టరప్పా, గుంజ మాదిరి నిలబడినావు. నడుము ఇంకా నొస్తాండాదా?" అని వెళ్లిపోయింది. ఊళ్లో ఎవరి రోగం ఎవరు మోస్తున్నారో అందరికీ తెలుసని ముందే చెప్పాను కదా.

కుర్రవాడు స్టెతస్కోపు మెడలో సర్దుకుని బెంచీల వైపు చూశాడు. ఖాళీగా ఉన్నాయి.

"తర్వాత ఎవరండీ?"

మూలన కాంపౌండరు అప్పటికే నా తరఫున నడుము పట్టుకుని, మూలుగుతూ లేచాడు. అతణ్ణి కూర్చోమని, నేనే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను.